వైజాగ్ ఉప్పుగాలికి వినైల్ లాగ్ సైడింగ్ వేయించాం: నా అనుభవం

లాసన్స్‌బే కాలనీలో మా ఇంటి పై అంతస్తుకు తూర్పు గోడ, ఉత్తరపు గోడ సముద్రపు గాలికి నేరుగా ఎదురు. ఎంత మంచి ఎక్స్‌టీరియర్ పెయింట్ వేసినా రెండో వానాకాలానికల్లా బొబ్బలు తేలి పెచ్చులూడేది. 2024 డిసెంబరులో పెయింటరు కొటేషన్ చేతికొచ్చాక ఇక రంగు వద్దు, గోడకు పైతొడుగు వేయిద్దాం అనుకున్నాం. ఇంట్లో అందరికీ నచ్చింది దుంగలు పేర్చినట్టు కనిపించే లాగ్ సైడింగ్, అంటే గోడ మీద వరసలుగా తగిలించే పలకలు. మన దగ్గర ఇది వేయించినవాళ్లు తక్కువ, వేసేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఎక్కడెక్కడ ఎంత ఖర్చయింది, ఏ పని ఎందుకు ఆగింది వివరంగా రాస్తున్నాను.

ముందు మిగతావీ చూశాం. అసలు చెక్క అయితే చెదలు, రెండేళ్లకోసారి పాలిష్. హెచ్‌పీఎల్ (గట్టిగా నొక్కి చేసిన లామినేట్) షీట్లు గట్టివే, కానీ బల్లపరుపుగా ఉంటాయి. వాటి మీది చెక్క డిజైను దగ్గరకెళితే ఫొటో అని తెలిసిపోతుంది. ఫైబర్ సిమెంట్ పలకలు గాలికి బాగా నిలబడతాయి, అయితే చాలా రకాలకు మళ్లీ రంగు వేయాలి. మేం తప్పించుకోవాలనుకున్నదే ఆ రంగు పని. వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్. దానికి రంగు పదార్థంలోనే కలిసి ఉంటుంది, చెదలు పట్టవు, ఉప్పు ఏమీ చేయదు. దాని ముఖ్యమైన బలహీనతలు రెండు: వేడికి సాగుతుంది, సరిగ్గా వేలాడదీయకపోతే గాలికి ఊడుతుంది. వైజాగ్‌లో వేడీ ఉంది, గాలీ ఉంది. కాబట్టి మా ఎంపిక మొత్తం ఈ రెండింటి చుట్టూనే తిరిగింది.

డిసెంబరు మూడో వారంలో ముగ్గురు డీలర్ల దగ్గర శాంపిళ్లు తీసుకున్నాం. షోరూమ్‌లో అందరూ రంగుల కార్డే ముందు పెడతారు. మేం చూసింది అంచులు. ముక్కను కోసిన చోట చూస్తే పైపొర ఒక రంగు, లోపలి పొర ఒక రంగు కనిపిస్తాయి. ఎండను తట్టుకునే టైటానియం డయాక్సైడ్, స్టెబిలైజర్లు మోసేది ప్రధానంగా ఆ పైపొరే. అది మరీ పల్చగా ఉంటే రంగు త్వరగా వెలిసి, చేత్తో రాస్తే సుద్దలా అంటుకుంటుంది. తర్వాత మందం. వినైల్ సైడింగ్‌కు ఉన్న అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ3679 ప్రకారం కనీసం 0.89 మి.మీ. ఉండాలి. ఒక డీలరు 1.2 అని చెప్పిన ముక్క వెర్నియర్‌కు 0.9 తేలింది. లాగ్ ఆకారంలో గుండ్రటి వంపు దగ్గర ప్లాస్టిక్ సాగి ఇంకా పల్చబడుతుంది, కాబట్టి కొలిచేది వంపు మీద కొలవాలి. మేం తీసుకున్నది వంపు దగ్గర కూడా 1.1కి తగ్గలేదు. మూడోది, స్క్రూ పట్టే పై అంచు. అది ఒక్క పొరగా ఉందా, మడిచి రెండు పొరలుగా ఉందా చూడాలి. గాలి లాగినప్పుడు మొదట చినిగేది అక్కడే. మడత ఉన్నదే మాకు కావాలన్నాం.

రంగు సంగతీ ఉష్ణోగ్రతతోనే తేల్చాం. ముదురు కాఫీ రంగు, తేనె రంగు ముక్కలు రెండూ డాబా మీద మధ్యాహ్నం వరకు ఉంచి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే, డిసెంబరు ఎండలోనే ముదురుది 58 డిగ్రీలు చూపించింది, తేనె రంగుది 47. వినైల్ 70 దాటిన దగ్గర నుంచి మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెలను తలుచుకుని తేనె రంగు ఖాయం చేశాం. ఇంకో మాట: ఎదురుగా అద్దాల అపార్ట్‌మెంటు ఉంటే దాని కిటికీల నుంచి కొట్టే ఎండ మీ గోడ మీద ఎక్కడ పడుతుందో ఒక పూటంతా గమనించండి. ఆ వెలుగు మచ్చ పడేచోట వేడి నేరుగా పడే ఎండకన్నా బాగా పెరిగి పలక వంకర పోతుంది. మా ఉత్తరపు గోడకు ఆ బెడద లేదని చూసుకున్నాకే ఆర్డరు ఇచ్చాం.

ఇక గాలి. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును చూసిన ఊరికి ఆ అంకె ఎక్కువేమీ కాదని తెలుసు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల ఒత్తిడి. డీలర్ల కాగితాల మీద ఇది చదరపు అడుగుకు పౌండ్లలో ఉంటుంది. ఆ లెక్కలో 31. గోడ మూలల దగ్గర గాలి బయటికి పీల్చే బలం ఇంకా ఎక్కువ. అందుకని ఇంతకు బాగా పైన రేటింగ్ ఉన్నదే అడగాలి. దాంతోపాటు ఆ రేటింగ్ స్క్రూల మధ్య ఎంత దూరంతో పరీక్షిస్తే వచ్చిందో కూడా అడగాలి. 16 అంగుళాలకు వచ్చిన రేటింగ్ 24 అంగుళాలకు రాదు. ముగ్గురిలో ఈ కాగితం తెచ్చి చూపించింది ఒక్కరే. ధర కొంచెం ఎక్కువైనా వారి దగ్గరే తీసుకున్నాం.

లెక్క ఇలా వేశాం. తూర్పు గోడ 30 అడుగులు, ఉత్తరం 24, ఎత్తు 11. మొత్తం 594 చదరపు అడుగులు. మూడు కిటికీలు, ఒక బాల్కనీ తలుపు తీసేస్తే 510. తరుగు పది శాతం కలిపితే 561. ఒక్కో పలక పన్నెండున్నర అడుగుల పొడవు, కనిపించే వెడల్పు 8 అంగుళాలు, అంటే 8.33 చదరపు అడుగులు. 68 పలకలు సరిపోతాయి, 72 తెప్పించాం. రేపు ఏ రాయో తగిలి ఒకటి పగిలితే, అప్పటికి వచ్చే బ్యాచ్ రంగు దీనికి కలవదు. ఇవి కాక పలకల చివర్లను పట్టే జె చానెళ్లు 13, మొదటి వరసను పట్టే స్టార్టర్ స్ట్రిప్పులు 5, కోసిన అంచును పట్టే అండర్‌సిల్ ట్రిమ్ 5, బయటి మూల పోస్టు 1, దీపాలకు, పైపులకు మౌంటింగ్ బ్లాకులు 6.

సంక్రాంతికి ముందు సగం అడ్వాన్సు కట్టాం. మూడు వారాలన్నారు. ఆ రంగు స్టాకు లేదని ఒకసారి, ఇంకో సరుకుతో కలిపి పంపుతామని ఒకసారి వాయిదా పడుతూ ఫిబ్రవరి చివరికి వచ్చింది. అదీ పలకలు మాత్రమే. గోడకు మొట్టమొదట పడాల్సింది స్టార్టర్ స్ట్రిప్పు. అదీ, జె చానెళ్లూ ఇంకో పది రోజులకు దిగాయి. పరంజా అద్దె నడుస్తుండగా పని ఆగితే కలిగే చిరాకు అంతా ఇంతా కాదు. ఉపకరణాలన్నీ పలకలతో ఒకే లారీలో రావాలని ఆర్డరు మీద రాయించుకోండి.

సరుకు ఇంటికి రాదు, ట్రాన్స్‌పోర్టు గోడౌన్ దాకానే. అక్కడి నుంచి చిన్న ట్రాలీ ఆటోలో వేస్తే పన్నెండున్నర అడుగుల పెట్టెలు సగం బయట వేలాడి, గతుకుల్లో మధ్యలో వంగిపోతాయి. పొడుగు బాడీ వ్యాను మాట్లాడుకుని, కింద చెక్క పలక వేయించి తెచ్చాం. ఇంటి దగ్గర నీడలో నేల మీద బల్లపరుపుగా పేర్చాలి. ఎండలో టార్పాలిన్ కప్పి ఉంచితే లోపల ఆవిరి కమ్మి పలకలు వంకర పోతాయి.

ఎదురుచూసిన ఆ రోజులు వృథా పోలేదు, గోడ బాగుచేయించాం. వినైల్ సైడింగ్ నీళ్లను పూర్తిగా ఆపదు. ఎక్కువ భాగాన్ని జార్చేస్తుంది, కొంత వెనక్కి వెళుతుంది, అది కిందికి కారి బయటపడాలి. కాబట్టి చెమ్మ ఉన్న గోడ మీద దీన్ని వేస్తే రోగాన్ని దాచినట్టే. గోడంతా సుత్తి పిడితో తట్టించి, డొల్ల మోగిన చోటల్లా ప్లాస్టరింగ్ తీసేసి కొత్తది వేయించాం. బీటలు నింపి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు చేతులు వేయించాం. పిట్టగోడ అంచున నీళ్లను బయటికి మళ్లించే అల్యూమినియం రేకు, అంటే ఫ్లాషింగ్ పెట్టించాం. పైనుంచి నీళ్లు సైడింగ్ వెనక్కి దిగితే కింద ఎంత చేసినా దండగే. దీనికి 22 వేలయింది. ఈ 22 వేలు తగ్గించుకుందాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఫ్రేము దగ్గర పెద్ద చర్చ నడిచింది. కార్పెంటరు చెక్క రీపర్లు అన్నాడు, ఫ్యాబ్రికేటరు జీఐ పైపు అన్నాడు. చెక్కకు చెదలు, జీఐకి కోసిన ప్రతి చివరా తుప్పు. మేం 38×25 మి.మీ. అల్యూమినియం పైపు, 2 మి.మీ. మందంది తీసుకున్నాం. ఒకటిన్నర మి.మీ. అయితే స్క్రూ మరలు పట్టడానికి లోహం చాలదు. అల్యూమినియం నేరుగా తడి సిమెంటును తాకితే అందులోని క్షారం దాన్ని తినేస్తుంది. అందుకని ముందు గోడకు నీళ్లను ఆపి గాలి ఆడనిచ్చే పల్చటి పొర (మెంబ్రేన్) పరిచి, ప్రతి పైపు వెనకా ఈపీడీఎం రబ్బరు పట్టీ పెట్టించాం. పలకలు అడ్డంగా నడుస్తాయి కాబట్టి పైపులు నిలువుగానే ఉండాలి, అప్పుడే వెనక నీళ్లు కిందికి జారతాయి. మధ్యలో 16 అంగుళాలకొకటి, మూలల దగ్గర 12కొకటి. యాంకర్లు ప్లాస్టరింగ్‌లో కాదు, ఇటుకలో పట్టాలి; 60 మి.మీ. పొడవువి వాడాం. స్క్రూలన్నీ ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316 రకం. 304 రకం వేస్తే సముద్రం ఇంత దగ్గరగా ఉన్నచోట కొన్నాళ్లకే టీ మరకల్లాంటి చారలు దిగుతాయి.

మార్చి రెండో వారంలో సైడింగ్ మొదలైంది. లెవెల్ ట్యూబు పెట్టి చూస్తే శ్లాబు అంచు 30 అడుగుల్లో 18 మి.మీ. వాలి ఉంది. స్టార్టర్ స్ట్రిప్పును శ్లాబు అంచుకు కాక లెవెల్‌కే కొట్టించాం. కింద మిగిలిన సందుకు ఫ్లాషింగ్ పట్టీ, దాని వెనక ఎస్‌ఎస్ జాలీ పెట్టాం. ఆ జాలీ లేకపోతే గోడకూ పలకకూ మధ్య ఖాళీలోకి చీమలు, బల్లులు, బొద్దింకలు కాపురానికి వచ్చేస్తాయి.

మొదటి వరసలోనే అసలు గొడవ. మన పనివాళ్లకు స్క్రూ అంటే బిగించడమే తెలుసు. వినైల్‌కు బిగింపే శత్రువు. మూడు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 10 మి.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. స్క్రూ పొడుగు రంధ్రం నడిమధ్యలో ఉండాలి, తల పలకను నొక్కకూడదు. "ఇలా లూజుగా ఒగ్గేస్తే గాలికి ఎగిరిపోద్ది కదండీ" అని మేస్త్రి మొహం చిట్లించాడు. గాలికి పట్టి ఉంచేది కింది వరసకు కొక్కెంలా పట్టుకునే లాకు, స్క్రూ తల అడ్డు. బిగింపు కాదు అని నోటితో చెబితే ఆయనకు నమ్మకం కుదరలేదు. పాత ఏటీఎం కార్డు ఒకటి చేతికిచ్చాం. దాని మందం 0.76 మి.మీ., కావాల్సిన సందు దాదాపు అంతే. స్క్రూ తల కింద కార్డు పెట్టి, అది తగిలేదాకా తిప్పి, కార్డు లాగేయాలి. ప్రతి పలక పూర్తయ్యాక రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ జరిపి చూడాలి. కదిలితే సరైనట్టు. కదలకపోతే ఏదో ఒక స్క్రూ బిగిసింది, అది వెతికి వదులు చేశాకే పై వరస. రెండో రోజుకల్లా మేస్త్రే కుర్రాళ్లకు ఇది నేర్పుతుంటే మాకు గుండె నిబ్బరం కలిగింది.

ఆ రోజుల్లో పలక ఉష్ణోగ్రత నీడలో 35 దాకా ఉండేది. ఎండలో 60కి చేరినా అక్కడి నుంచి పెరిగేది 6 మి.మీ.; అందుకే జె చానెల్ లోపల రెండు వైపులా ఆరేసి మి.మీ. వదిలాం. తూర్పు గోడ పని మధ్యాహ్నం తర్వాత, ఉత్తరం పొద్దున చేయించాం. ఎండకు కాగిన పలకను కొలిచి కోస్తే రాత్రికి పొట్టిదైపోతుంది. పలకల అతుకు ఒక అంగుళం ఒకదానిమీదొకటి ఎక్కాలి. గేటు వైపు నుంచి చూస్తే అంచు కనపడకుండా వెనక వైపు నుంచి మొదలుపెట్టించాం. గుండ్రటి లాగ్ ఆకారంలో అతుకు చదును పలకలకన్నా ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి వరస వరసకూ రెండడుగులైనా జరపాలి. ఐదారు వరసలకోసారి లెవెల్ చూసుకోవాలి.

కోత గురించి ఒక హెచ్చరిక. యాంగిల్ గ్రైండరుతో కోస్తే అంచు కరిగి గడ్డకడుతుంది. సన్న పళ్ల బ్లేడును రంపం మిషన్‌కు తిరగేసి బిగించి, నెమ్మదిగా నడిపితే శుభ్రంగా తెగుతుంది. చిన్న కోతలకు రేకు కత్తెర చాలు. 132 అంగుళాల ఎత్తుకు పదహారున్నర వరసలు పట్టాయి, అంటే పై వరస సగానికి కోయాల్సిందే. కోసిన పలకకు స్క్రూ పట్టే అంచు ఉండదు. దాన్ని పైనుంచి మేకుతో కొట్టేస్తామంటారు, ఒప్పుకోకండి. స్నాప్‌లాక్ పంచ్‌తో కోసిన అంచు మీద ఆరంగుళాలకొక బొడిపె తీసి, అండర్‌సిల్ ట్రిమ్‌లోకి నొక్కితే పట్టుకుంటుంది. ఆ పంచ్, పలక లాకు విప్పే జిప్ టూల్ రెండూ వైజాగ్ హార్డ్‌వేర్ షాపుల్లో మాకు దొరకలేదు. సైడింగ్‌తోపాటే తెప్పించుకోవడం మంచిది.

మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు సన్‌షేడ్. దాని మీద పడ్డ వాన ఎగిరి గోడకు కొడుతుంది. అక్కడ పలకను ఒక అంగుళం పైకి ఆపి, వెనక ఫ్లాషింగ్‌ను గోడ మీదకు ఎక్కించాం. కిటికీ చుట్టూ జె చానెల్ వేసేటప్పుడు పై ముక్క చివర చిన్న నాలుక మిగిల్చి, దాన్ని పక్క చానెల్ లోపలికి వంచాలి. పైనుంచి వచ్చే నీళ్లు ఆ నాలుక మీదుగా చానెల్‌లోకి జారతాయి. సిలికాన్ గన్ పట్టుకుని ప్రతి సందూ పూసేయాలని చూస్తారు. అతుకుల మీద, చానెళ్లలో సిలికాన్ వద్దే వద్దు: పలక కదలదు, లోపలి నీళ్లు బయటికి రావు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను వేడిగాలి గోడకు కొట్టకుండా పక్కకు మార్పించాం. పైపులకు కన్నం పైపుకన్నా 12 మి.మీ. పెద్దది. బాల్కనీలో కార్తీక దీపాలు గోడకు ఆనించి పెట్టే అలవాటుంటే మానుకోవాలి. వినైల్ తనంతట తాను మండుతూ పోదు గానీ ఆ సెగకు కరిగి ముడుచుకుంటుంది.

ఉగాదికి పరంజా విప్పారు. ఖర్చు మొత్తం చెప్పాలి, ఎందుకంటే మమ్మల్ని బాగా కంగారు పెట్టింది ఇదే. డీలరు చెప్పింది చదరపు అడుగుకు 165 రూపాయలు. పలకలకు 99,000, ఉపకరణాలకు 14,090, పైన 18 శాతం జీఎస్టీ కలిపి సరుకు 1,33,446. రవాణా 7,500. అల్యూమినియం 110 కిలోలు, 37,400. స్క్రూలు, యాంకర్లు 14,740. మెంబ్రేన్, జాలీ, ఫ్లాషింగ్ 14,760. గోడ మరమ్మతు 22,000. కూలి 42,000. పరంజా 9,000. అంతా కలిపి 2,80,846. 510 చదరపు అడుగుల గోడకు పంచితే అడుగుకు 550. షోరూమ్ రేటు చూసి బడ్జెట్ వేసుకుంటే మూడో వంతుతోనే సరిపెట్టుకున్నట్టు.

మే నెలలో గోడను రోజూ చూసేవాళ్లం. పొద్దుటి ఎండ పడగానే బిగిసిన పలక టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది. తూర్పు గోడలో ఒకే చోట వినిపించింది. జిప్ టూల్‌తో విప్పి స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పితే ఆగిపోయింది. ఉబ్బు ఎక్కడా రాలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ హుద్‌హుద్ అంత కాకపోయినా గాలి, వాన గట్టిగానే కొట్టాయి. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. పలకలు ఊగుతున్న సన్నటి గలగల లోపలికి వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఉండాల్సిందేనని తెలిసినా మనసు ఊరుకోదు. తెల్లారాక చూస్తే ఒక్క పలకా జారలేదు.

వాన తగ్గాక ఉత్తరం కిటికీల కింద ఒక్కో పలక విప్పించి వెనక చూశాం. రెండింటి దగ్గర మెంబ్రేన్ ఆరిపోయి ఉంది. మూడోదాని కింది మూల చేతికి తడి తగిలింది. పైన చూస్తే జె చానెల్ చివరి నాలుకను వంచకుండా కోసేశారు, నీళ్లు పక్క చానెల్ వెనక్కి దిగుతున్నాయి. కొత్త చానెల్ వేయడానికి మూడు వరసలు విప్పాలి. దాని బదులు మూల దగ్గర అల్యూమినియం ముక్కను మడిచి చానెల్ వెనక నుంచి కింది పలక స్క్రూ అంచు మీదికి దించాం. ఇప్పుడు ఆ నీళ్లు పలక ముందు నుంచే కారుతున్నాయి. పలక మళ్లీ లాకులో పెట్టి చేత్తో నొక్కితే టక్కుమని పట్టుకుంది. ఉప్పు పేరుకున్న వరసల్ని మెత్తటి బ్రష్‌తో, మామూలు నీళ్లతో కడిగించాం. ప్రెషర్ వాషర్ మాత్రం కింది నుంచి పైకి కొట్టకూడదు, నీళ్లన్నీ లోపలికి పోతాయి.